కరవది నుంచి శ్రీరంగం దాకా

సన్నాయి అనగానే మనకు వేసవి పెళ్లిళ్లు గుర్తొస్తాయి. తాళి కట్టే వేళకు గట్టిమేళం మోగుతుంది, అక్షింతలు పడతాయి, ఆ తర్వాత అందరి చూపూ భోజనాల వైపు తిరుగుతుంది. సన్నాయి ఊదినాయన ఎవరో, ఏ ఊరివాడో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఎవరూ అడగరు. పందిట్లో ఒక మూల కూర్చుని ఊదుతాడు, చివరి బంతిలో తిని వెళ్లిపోతాడు. మేము కూడా ఎన్నో పెళ్లిళ్లలో ఆ మేళం పక్క నుంచే నడిచి వెళ్లాం. ఒక్కసారీ ఆగి వినలేదు.

ఇలాంటి సంచికల్లో మనం అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, మన పుల్లలచెరువుకు పొరుగున ఉన్న వినుకొండలో పుట్టిన జాషువా గారి గురించి చదువుకుంటాం. చదవాల్సిందే, మళ్లీ మళ్లీ చదవాల్సిందే. అయితే ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒక మనిషి గురించి రాయాలనుకున్నాం. ఆయన ప్రకాశం గడ్డ మీద పుట్టారు. సన్నాయి పట్టుకుని బయలుదేరి దక్షిణ భారత సంగీతంలో అన్నిటికన్నా పెద్దదనే గౌరవం దాకా వెళ్లారు. ఆయనే షేక్ చినమౌలానా సాహెబ్. ఆయన అందుకున్న బిరుదుల కంటే, ఆయన ఎలా నేర్చుకున్నారన్నదే మాకు ముఖ్యంగా కనిపించింది.

చినమౌలానా గారు 1924 మే 12న కరవదిలో పుట్టారు. ఒంగోలులో రైలెక్కి విజయవాడ వైపు వెళ్తే కాసేపటికే వచ్చే చిన్న స్టేషన్ అది. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కరవది గుంటూరు జిల్లాలో ఉండేది, మన మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు తీసుకుని ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లాల గీతలు ఎటు మారినా ఆయన మన వైపు మనిషే.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో నాదస్వరాన్నే నమ్ముకుని తరతరాలుగా బతికిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు ఇంట్లో నమాజు చేసుకుంటారు, రంజాన్ నెలలో ఉపవాసం ఉంటారు. తెల్లవారుజామున గుడి ముందు స్వామికి మేలుకొలుపు ఊదేదీ, ఉత్సవాల్లో పల్లకీ ముందు నడిచేదీ కూడా వాళ్లే. ఇప్పుడు వింటే కొందరికి వింతగా ఉండవచ్చు కానీ ఆ ఊళ్లలో అది వింత కాదు. చినమౌలానా గారి ఇల్లు అలాంటి ఇల్లే. తండ్రి షేక్ కాసిం సాహెబ్ నాదస్వర విద్వాంసుడు. పిల్లవాడికి మొదటి పాఠం ఆయన దగ్గరే దొరికింది.

ముందుకు వెళ్లేముందు ఆ వాద్యం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. మన ఊళ్లలో సన్నాయి అని పిలిచేది చాలాసార్లు నాదస్వరమే. ఉత్తరాది షెహనాయి పొట్టిగా ఉంటుంది, నాదస్వరం రెండడుగులు దాటి పొడవుంటుంది. దాన్ని తమిళులు ఆచ్చా అనే గట్టి కర్రతో చేస్తారు. అది మన నల్లమల వైపు నారేపి అని పిలిచే చెట్టే. పచ్చి కర్ర పనికిరాదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే దూలాల్లాంటి, ఏళ్ల తరబడి ఆరిన కర్ర కావాలి. కింద గంట ఆకారంలో అనసు ఉంటుంది. వేళ్లు ఆడించడానికి ఏడు రంధ్రాలు ఉంటాయి. వాటి కింద ఉండే మరో ఐదు రంధ్రాలు వేళ్ల కోసం కాదు. వాటిలో కొన్నిటిని మైనంతో మూసి శ్రుతి సరిచేసుకుంటారు. పైన నోట్లో పెట్టుకునే చిన్న పీకను తమిళులు శీవాళి అంటారు. రెల్లు జాతి గడ్డిని ఆరబెట్టి, చదును చేసి, రెండు రేకులు ఒకదానికొకటి తగిలేలా కడతారు. ఆ రెండు రేకుల మధ్య నుంచి గాలి పోతేనే నాదం పుడుతుంది.

ఏడు రంధ్రాలు చూసి ఏడు స్వరాలే కదా అనుకుంటే పొరపాటు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య ఉండే మెట్లు, గమకాలు, ఊపులు అన్నీ అదే గొట్టంలోంచి రావాలి. దాని కోసం రంధ్రాన్ని వేలితో సగం మూయాలి, పావు మూయాలి. పెదవులతో పీకను కాస్త నొక్కాలి, కాస్త వదలాలి. ఊపిరిని పెంచాలి, తగ్గించాలి. నాలుకతో గాలిని తెంపి స్వరాలను విడివిడిగా పలికించే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని తుత్తుకారం అంటారు. వేళ్ల పని బయటికి కనిపిస్తుంది. పెదవి, నాలుక, ఊపిరి చేసే పని నోటి లోపలే జరిగిపోతుంది. అందుకే ఈ విద్యను పుస్తకం చూసి నేర్చుకోవడం కుదరదు. తెలిసినవాళ్ల పక్కన కూర్చోవాలి. వినాలి, ఊదాలి, తప్పు ఊదాలి, వాళ్లు ఊది చూపిస్తే మళ్లీ ఊదాలి.

తండ్రి దగ్గర మొదలైన చదువు తర్వాత చిలకలూరిపేటకు మారింది. అక్కడ షేక్ ఆదం సాహెబ్ అనే గొప్ప నాదస్వర విద్వాంసుడు ఉండేవారు. ఆంధ్రదేశంలో నాదస్వరం అంటే ఆ రోజుల్లో ముందుగా చెప్పుకునే పేర్లలో ఆయనది ఒకటి. చినమౌలానా గారు ఆయన దగ్గర శిష్యరికం చేశారు. సంగీతంలోని వరుస మనకు బడిలో తరగతుల లాంటిదే. సరళి స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆ తర్వాత కీర్తనలు. నాదస్వరం నేర్చుకునే వాళ్లు ఒక కీర్తనను వాద్యం మీద పెట్టే ముందు నోటితో పాడటం నేర్చుకుంటారు. పాట గొంతులో కుదిరితే గాని గొట్టంలోకి రాదని పెద్దల నమ్మకం.

ఇక్కడితో ఆగినా ఆయనకు లోటు ఉండేది కాదు. ఇంటి విద్య ఉంది, పేరున్న గురువు దగ్గర నేర్చుకున్న విద్య ఉంది. పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు ఉన్నంతకాలం కచేరీలకు, కూటికి ఇబ్బంది లేదు. కానీ ఆయన చెవిలో ఇంకొక నాదం పడింది. అది తమిళనాడులోని తిరువావడుదురైకి చెందిన టి.ఎన్. రాజరత్నం పిళ్లై గారి నాదస్వరం.

రాజరత్నం పిళ్లై 1898లో పుట్టి 1956లో చనిపోయారు. నాదస్వరానికి ఆయన చేసిన మేలు చాలా ఉంది. అంతకుముందు వాడే తిమిరి నాదస్వరం పొట్టిగా, హెచ్చు శ్రుతిలో ఉండేది. ఆయన నరసింగంపేటలోని వాద్యం చేసే శిల్పి రంగనాథన్ ఆచారితో కలిసి, పొడవైన, తగ్గు శ్రుతి ఉన్న బారి నాదస్వరాన్ని తీర్చిదిద్దారు. ఆ నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బారి నాదస్వరంతో రాగాన్ని నిదానంగా, గాత్రం పాడినట్టుగా విస్తరించే వీలు కలిగింది. రాజరత్నం గారి తోడి రాగం వినడానికి జనం రాత్రంతా కూర్చునేవారని చెప్పుకుంటారు. నాదస్వరం వాయించేవాళ్లను తక్కువగా చూడటాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు. మిగతా విద్వాంసులకు ఇచ్చే మర్యాదే తమకూ ఇవ్వాలని పట్టుబట్టిన మనిషి.

ఆ నాదం చినమౌలానా గారిని పట్టుకుంది. తమ ఊళ్లలో వాయించే పద్ధతికీ, తంజావూరు వాళ్ల పద్ధతికీ తేడా ఏమిటో ఆయనకు వినిపించింది. తంజావూరు బాణీ ప్రాణమంతా రాగాలాపనలో ఉంది. అక్కడి గుడుల్లో స్వామి ఊరేగింపు బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి వాయిస్తారు. తర్వాత ఒక్కో వీధిలో ఆగి రాగాన్ని గంటల తరబడి అల్లుకుంటూ పోతారు. తెల్లవారితే భూపాలం, రాత్రి స్వామి పవళించే వేళకు నీలాంబరి, ఇలా పొద్దును బట్టి రాగం ఉంటుంది. ఆ విద్య రావాలంటే అక్కడికి వెళ్లాలి.

ఆయన వెళ్లారు. కుంభకోణం దగ్గర నాచ్చియార్‌కోయిల్ అనే ఊరుంది. ఇత్తడి దీపపు కుందులకు పేరుపడ్డ ఊరు. అక్కడ రాజం, దురైకణ్ణు అనే సోదరులు తంజావూరు బాణీలో ఆరితేరిన నాదస్వర విద్వాంసులు. చినమౌలానా గారు వారి దగ్గర శిష్యుడిగా చేరి ఏళ్ల తరబడి నేర్చుకున్నారు.

ఈ ఒక్క వాక్యం రాసి ముందుకు పోవడం తేలిక. కాసేపు ఆగి ఆలోచించండి. కరవది నుంచి కుంభకోణం దాదాపు 600 కిలోమీటర్లు. భాష వేరు, తిండి వేరు. అక్కడ నాదస్వరం కొన్ని కుటుంబాలకు తరతరాల సొత్తు. తండ్రి నుంచి కొడుక్కి, మామ నుంచి మేనల్లుడికి పోతుంది. అలాంటి చోటికి తెలుగు మాట్లాడే ఒక ముస్లిం వెళ్లి నేర్పండి అని అడిగాడు. వాళ్లు నేర్పారు. అడిగినాయనా గొప్పవాడే, నేర్పినవాళ్లూ గొప్పవాళ్లే. ఇద్దరిలో ఎవరు వెనకడుగు వేసినా ఈ కథ కరవదిలోనే ఆగిపోయేది.

ఇంకొక సంగతి. వెళ్లేనాటికి ఆయన సున్నాతో మొదలుపెట్టే పిల్లవాడు కాదు. చేతిలో విద్య ఉన్నవాడు. వచ్చిన విద్యను పక్కనపెట్టి నాకు రాదు అని ఒప్పుకోవడం, ఏమీ రానివాడు ఒప్పుకోవడం కంటే కష్టం. ఊదే పద్ధతి ఒకసారి అలవాటైతే పెదవికి, ఊపిరికి అది పట్టేస్తుంది. దాన్ని మార్చుకోవడమంటే రాత వచ్చినవాడు మళ్లీ అక్షరాలు దిద్దడమే. ఆయన ఆ పని చేశారు.

అక్కడ ఆయనకు పరాయిది కానిది ఒకటుంది. కావేరి ఒడ్డున తిరువయ్యారులో 1767 నుంచి 1847 వరకు జీవించిన త్యాగరాజస్వామి కీర్తనలన్నీ దాదాపు తెలుగులోనే ఉన్నాయి. తమిళ విద్వాంసులు అర్థం అడిగి తెలుసుకుని పాడేవాటిని ఈయన తల్లి భాషలో విన్నారు. భాష మనది, బాణీ వాళ్లది. ఆ రెండూ కలిశాయి.

ఇలా పెద్దల దగ్గర కూర్చుని ఊదడం నేర్చుకోవడం మన దేశంలోనే ఉందనుకోవద్దు. మన తిరునాళ్లలో అమ్మే మౌత్ ఆర్గాన్ అందరికీ తెలుసు. మన హాస్టల్ పిల్లల చేతుల్లోనూ అది చాలాసార్లు కనిపిస్తుంది. రెండు సినిమా పాటలు చెవితో విని ఊది, ఆ పైన చెప్పేవాళ్లు లేక పెట్టెలో పడేస్తారు. అదే వాద్యం అమెరికాలో నల్లజాతివాళ్ల బ్లూస్ సంగీతంలో పెద్ద పీట ఎక్కింది. మిసిసిపి రాష్ట్రంలో పత్తి చేల మధ్య 1935లో పుట్టిన జేమ్స్ కాటన్ అనే పిల్లవాడు, రేడియోలో సానీ బాయ్ విలియమ్సన్ అనే వాద్యకారుడిని విని, విన్నది విన్నట్టు ఊదడానికి ప్రయత్నించేవాడు. తొమ్మిదేళ్ల వయసులో ఆ సానీ బాయ్ దగ్గరికే చేరి, ఆయన ఇంట్లో ఉంటూ నేర్చుకున్నాడు. పెద్దయ్యాక షికాగోలో మడ్డీ వాటర్స్ బృందంలో ఊది, లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. 2017లో చనిపోయాడు.

బ్లూస్‌కు వాడే ఆ పది రంధ్రాల మౌత్ ఆర్గాన్‌లో కావలసిన స్వరాలన్నీ ఉండవు. లేని స్వరాన్ని పలికించాలంటే గాలి పీలుస్తూ, నోటి లోపల నాలుకను, గొంతును ఒక తీరుగా మార్చి ఉన్న స్వరాన్ని కిందికి వంచాలి. దుఃఖం వినిపించేది ఆ వంపులోనే. నాదస్వరానికీ మౌత్ ఆర్గాన్‌కూ పోలిక లేదు కానీ కిటుకు మాత్రం రెండింటిలోనూ నోటి లోపలే ఉంది. కంటికి కనిపించదు. అందుకే మిసిసిపిలో ఆ పిల్లవాడు ఇల్లు వదిలాడు, మన కరవది మనిషి నాచ్చియార్‌కోయిల్ దాకా వెళ్లాడు.

మళ్లీ మన కథలోకి వద్దాం. తంజావూరు బాణీ పట్టుబడ్డాక చినమౌలానా గారికి తమిళనాడులో కచేరీలు పెరిగాయి. తమిళుల వాద్యాన్ని తమిళుల ముందే వాళ్లు మెచ్చేలా వాయించడం చిన్న విషయం కాదు. రాజరత్నం పిళ్లై గారిని ఆయన మనసులో ఎప్పుడూ గురువుగానే పెట్టుకున్నారు. ఆ బాణీని నిలబెట్టినవారిలో ఈ తెలుగు ముస్లిం విద్వాంసుడి పేరు గట్టిగా వినిపించసాగింది. చివరికి ఆయన శ్రీరంగంలోనే స్థిరపడ్డారు.

శ్రీరంగం తిరుచిరాపల్లి పక్కన కావేరి, కొల్లిడం నదుల మధ్య లంకలో ఉంది. ఏడు ప్రాకారాల రంగనాథస్వామి గుడి అక్కడిది. ఆ గుడిలో తులుక్క నాచ్చియార్ అనే ఒక ముస్లిం అమ్మాయికి కూడా చోటుంది. స్వామిని ప్రేమించి ఆయనలో కలిసిపోయిన సుల్తాను కూతురిగా ఆమె కథ చెప్తారు. ఆమె పేరు మీద స్వామికి రొట్టె నైవేద్యం పెట్టే ఆచారం ఉంది. అలాంటి ఊళ్లో చినమౌలానా గారు ముస్లింగానే ఉంటూ రంగనాథుడిని, రాముడిని తన నాదంతో కొలిచారు. ఒకదాని కోసం ఇంకొకదాన్ని వదులుకోలేదు. కాశీలో షెహనాయి వాయించిన బిస్మిల్లా ఖాన్ గారిని మనం పాఠాల్లో చదువుకున్నాం. దక్షిణాన అలాంటి జీవితం గడిపిన మనిషి మన కరవదివాడని మాత్రం ఏ పాఠంలోనూ చదవలేదు.

గౌరవాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అమెరికాలోనూ, యూరప్‌లోనూ, శ్రీలంకలోనూ కచేరీలు చేశారు. పల్లకీ ముందు నడిచే వాద్యం విదేశాల్లో వేదిక మీద కూర్చుంది. 1998 సంవత్సరానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1928లో మొదలైన ఆ సంస్థ ఇచ్చే ఈ బిరుదును కర్ణాటక సంగీతంలో అన్నిటికన్నా పెద్ద గౌరవంగా భావిస్తారు. గాత్రం, వీణ, వయొలిన్ విద్వాంసులకే అది ఎక్కువగా వచ్చింది. నాదస్వరానికి రావడం అరుదు. కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న ఆయన కన్నుమూశారు. మరొక నెల గడిస్తే 75 ఏళ్లు నిండేవి.

ఇక్కడితో జీవితచరిత్ర అయిపోయినట్టే. కానీ మా దృష్టిలో ముఖ్యమైనది ఇంకొకటి మిగిలింది. 1982లో ఆయన శ్రీరంగంలో శారద నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించారు. నాదస్వరం నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు నేర్పడం దాని పని. ఒక ముస్లిం విద్వాంసుడు తన బడికి చదువుల తల్లి పేరు పెట్టుకున్నారు. తాను ఒకప్పుడు ఎవరి గడప దగ్గర నిలబడి నేర్పమని అడిగారో, అలాంటి గడపను తనే కట్టి తలుపు తెరిచి పెట్టారు.

ఆ తలుపులోంచి వచ్చినవాళ్లు ఇప్పుడూ మన కళ్ల ముందు ఉన్నారు. ఆయన మనవలు కాసిం, బాబు జంటగా తాత బాణీని వాయిస్తున్నారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం మగవాళ్ల వాద్యం అనుకునే చోట కలీషాబీ గారు భర్త పక్కన కూర్చుని సరిసమానంగా వాయించారు. మన చెల్లెళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. ఆయన శిష్యులనే కాదు, తెలుగు ముస్లిం నాదస్వర విద్వాంసులకు ఆలస్యంగానైనా గుర్తింపు దక్కుతోంది. భద్రాచలం రాములవారి గుడిలో ఏళ్ల తరబడి నాదస్వర సేవ చేసిన గోసవీడు షేక్ హసన్ గారికి 2022లో, ఆయన పోయాక, పద్మశ్రీ ప్రకటించారు.

ఈ జీవితం రాస్తుంటే మాకు ఒక ప్రశ్న వచ్చింది. చినమౌలానా గారికి పుట్టిన ఇంట్లోనే గురువు ఉన్నారు. తండ్రి చేతిలో వాద్యం ఉంది. మనకు అలా లేదు కదా? మన ఇళ్లలో చాలావాటిలో పుస్తకం పట్టుకున్న మొదటి చెయ్యి మనదే. మన తాతల చేతుల్లో డప్పు ఉండేది. ఊరేగింపులో సన్నాయి కన్నా ముందు నడిచింది ఆ డప్పే. దానికీ లెక్కలున్నాయి, దరువులున్నాయి, కొడుక్కి నేర్పే పద్ధతి ఉంది. కానీ దాన్ని విద్య అని ఎవరూ అనలేదు, గురువు అని ఎవరినీ పిలవలేదు. కాబట్టి ఆయన జీవితంలోని మొదటి అధ్యాయం మనకు వర్తించదు. ఆ మాట దాచుకోనక్కరలేదు.

రెండో అధ్యాయం, మూడో అధ్యాయం మాత్రం మనకు వర్తిస్తాయి. తండ్రిని ఆయన ఎంచుకోలేదు. ఆదం సాహెబ్ దగ్గరికి, నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గరికి వెళ్లింది మాత్రం నేర్చుకోవాలనే. మొదటి గురువు పుట్టుకతో దొరికితే మంచిదే. దొరకనివాడు రెండో గురువుతో మొదలుపెట్టవచ్చు.

ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. పీజీలో చేరిన కొత్తలో తరగతిలో చెప్పేది సగం అర్థమయ్యేది కాదు. అడిగితే నవ్వుతారని వెనక వరసలో కూర్చుని, తెలిసినట్టు తల ఊపాం. ఒక సెమిస్టరు అలా పోయింది. ఒక పేపరు పోయింది కూడా. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మా నాన్నా బాధపడతారు గాని, ఏం చదవాలో చెప్పలేరు. చివరికి మన హాస్టల్లోనే చదివి మాకన్నా ముందు అదే దారిలో వెళ్లిన ఒక అన్న గది తలుపు కొట్టాం. ఆయన నవ్వలేదు. తన నోట్సు తీసి, మొదటి పేజీ నుంచి రోజూ గంట చొప్పున నెల రోజులు చెప్పారు. తెలియదు అని చెప్పడానికి మాకు ఆరు నెలలు పట్టింది. అప్పటికే తండ్రి దగ్గరా, ఆదం సాహెబ్ దగ్గరా నేర్చుకున్న విద్వాంసుడు ఆ మాట చెప్పుకోవడానికి 600 కిలోమీటర్లు వెళ్లారని అప్పుడు తెలిసి ఉంటే, మేము వరండా దాటి వెళ్లడానికి అంత ఆలోచించేవాళ్లం కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పుల్లలచెరువు నుంచి మార్కాపురం, అక్కడి నుంచి ఒంగోలు, ఆపైన ఇంకెక్కడికో మీరు వెళ్తారు. వెళ్లిన ప్రతిచోటా మీకన్నా బాగా తెలిసినవాళ్లు ఉంటారు. వాళ్ల పక్కన కూర్చోండి. లెక్కైనా, ఇంగ్లీషైనా, కుట్టుమిషనైనా, మౌత్ ఆర్గానైనా సరే. తప్పు చేసి చూపించండి, సరిచేయమని అడగండి. లోపల జరిగే పొరపాటు అడగకపోతే ఎవరికీ కనిపించదు.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు, అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చి దండలు వేయించుకుని వెళ్లడంతో సరిపెట్టుకోవద్దు. నెలకు ఒక ఆదివారం, వీలైనవాళ్లు ఒక పూట హాస్టల్‌కు వచ్చి పదో తరగతి, ఇంటర్ పిల్లల మధ్య కూర్చోండి. పాఠం చెప్పకపోయినా ఫరవాలేదు. మీరు ఎక్కడ తడబడ్డారో, ఎవరిని అడిగి నేర్చుకున్నారో చెప్పండి. ఈ ఏడాది నుంచి మేము రావాలని అనుకున్నాం. ఎవరెవరు ఏ ఆదివారం వస్తారో రాసుకోవడానికి వార్డెన్ గారి గది దగ్గర ఒక నోటుపుస్తకం పెడితే బాగుంటుంది. మొదటి ఆదివారం పక్కన మా పేరు రాస్తాం.

ఈ వేసవిలో ఏ పెళ్లికి వెళ్లినా గట్టిమేళం అయ్యాక ఒక్క నిమిషం ఆగండి. భోజనాలు ఎక్కడికీ పోవు. సన్నాయి ఊదినాయన దగ్గరికి వెళ్లి, అయ్యా, మీది ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడగండి. ఆయన చెప్పే పేర్ల వరసను వెనక్కి పట్టుకుంటూ పోతే, ఎక్కడో ఒక చోట చిలకలూరిపేటో, కరవదో తగలవచ్చు.